పాట ఆపే సెట్టు

కోడలు బండి నడుపుతుంటే వెనకాల కూర్చుని షికార్లు కొట్టే మామగార్లు లోకంలో ఎంతమంది ఉంటారో గానీ, మన కథలో ఉన్న ఈ ఒక్క మామగారు మాత్రం నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. పనిచేసినన్నాళ్ళూ బస్సు కండక్టరు. ఉద్యోగం దిగిపోయి చాలా ఏళ్ళయినా ఇంటా బయటా అందరికీ ఆయన కండక్టరుగారే. బస్సులో డ్రైవరు వెనక గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది, బండి నడిచేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదని. ఆ రాత ఎదురుగా నిలబడి అన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చాడో ఆయనకే తెలియాలి. అప్పుడు మింగిన మాటలన్నీ ఇప్పుడు కక్కుతున్నాడని కొడుకు అంటాడు.

కోడలిది లిఫ్టులు బాగుచేసే పని. రోజంతా చీకటి గోతుల్లో, గ్రీజు పూసిన ఇనుప తాళ్ళ మధ్య గడుస్తుంది. అందుకే సెలవు దొరికిందంటే చాలు, ఆమెకి నెత్తి మీద ఆకాశం కావాలి, చక్రాల కింద రోడ్డు కావాలి. కట్టుకున్నవాడేమో బండెక్కితే కళ్ళు తిరిగే మనిషి. కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని అందరికీ చూపు సరిచేస్తాడు గానీ, కారులో వీధి మలుపు తిరిగితే ఆయన చూపే చెదిరిపోతుంది. సోఫా అటు నుంచి ఇటు జరిపినా వాంతి చేసుకుంటాడని భార్య ఆటపట్టిస్తుంది. కాబట్టి వెనక సీటు మామగారికి దక్కింది.

ఆ బండి కూడా అల్లాటప్పా బండి కాదు. దూరప్రయాణాలకని చేసినది. ముందు గాలికి అడ్డంగా పెద్ద అద్దం, రెండు పక్కలా రెండు పెట్టెలు, వెనక ఇంకో పెట్టె, దాన్ని ఆనుకుని చేతులు వాల్చుకునేందుకు వీలుగా పడక్కుర్చీలాంటి సీటు. ఎవరో వాడి వదిలేసినదాన్ని కొనుక్కొచ్చి కోడలే విప్పి, తుడిచి, బిగించుకుంది. దాని ముందు భాగంలో, అద్దం కింద, ఒక పాత స్టీరియో సెట్టు ఉండేది. అసలు కథంతా ఆ సెట్టుతోనే.

ఆ సెట్టు నుంచి రెండు తీగలు వచ్చి ఇద్దరి హెల్మెట్లలోకీ దూరేవి. చెవుల దగ్గర స్పీకర్లు, నోటి దగ్గర చిన్న మైకు. పాట వస్తూ ఉంటుంది. వెనకాయన నోరు విప్పాడా, పాట టక్కున ఆగిపోయి ఆయన గొంతు ముందామె చెవిలో పడుతుంది. ఆయన మాట ఆపి ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు చూసి, సెట్టు మళ్ళీ పాట అందుకుంటుంది. అలా చేసిన మహానుభావుడెవరో గానీ మామగారి పాలిట దేవుడు. ఏ సభలోనైనా మాట్లాడుతుంటే ఎవరో ఒకరు అడ్డొస్తారు. ఇక్కడ పాటే తప్పుకుని దారి ఇస్తుంది.

దీనికి ముందు సంగతి కూడా ఒకటి చెప్పాలి. భార్య పోయినప్పుడు కండక్టరుగారి మాట కూడా ఆవిడతోపాటే పోయింది. అన్నం తింటారా అంటే ఊఁ, చాలా అంటే ఊఁ. అంతకు మించి కిక్కురుమనేవాడు కాదు. ఏడాది పాటు ఆ ఇంట్లో గోడ గడియారం తప్ప మరోటి వినిపించలేదు. చూసి చూసి కోడలు ఒకనాడు ఆయన నెత్తిన హెల్మెట్ బోర్లించి, పదండి మామయ్యా అని బండెక్కించింది. కొండ దారిలో ఉండగా రేడియోలో ఏదో పాట మొదలైంది. డప్పు ఒక దారి, గొంతు ఒక దారి. ఎంతసేపని భరిస్తాడు?

"ఇదేం పాటమ్మా నాయనోయ్! రేకుల మీద రాళ్ళు దొర్లించినట్టుంది. పాడేవాడికి కడుపునొప్పా ఏమిటి?" అన్నాడు.

పాట ఆగింది. కోడలు బండి పక్కకి తీసి, టైరులో గాలి చూసొస్తానని దిగి, బండి వెనక చాలాసేపే వంగి కూర్చుంది. తిరిగొచ్చి ఎక్కాక మామగారు ఆ పాట మీద మొదలుపెట్టి, ఆ రాగం మీదికి పోయి, రోడ్డు వేసినవాడి మీదికి, ఎదురొచ్చిన లారీవాడి మీదికి పోయి, ఇల్లు చేరేదాకా ఆగలేదు. ఆ తరవాత ఆయన నోటికి మళ్ళీ తాళం పడలేదు. లోకంలో ఉన్నవన్నీ మాట్లాడేవాడు. పోయినావిడ ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. ఆయన ఎత్తడు కదా అని ఇంట్లోవాళ్ళూ ఎత్తేవాళ్ళు కాదు.

అలా ఏళ్ళు గడిచాయి. ఎన్ని ఊళ్ళు తిరిగారో, ఎన్ని పాటలు పల్లవి దగ్గరే చచ్చిపోయాయో.

మొన్న ఒక ప్రయాణంలో వాన పట్టుకుంది. మధ్య దారిలో సెట్టు గరగరమంది, చుంయ్ మంది, కాలిన వాసన ఒకటి వదిలి ప్రాణం విడిచింది. పాట లేదు, మాట లేదు. గాలి హోరులో అరిచినా ముందుకి వినపడదు. తిరుగు దారంతా కండక్టరుగారు మాటలు నోట్లోనే నమిలి మింగాడు.

ఇంటికొచ్చాక ఆయన్ని ఒక పురుగు తొలచడం మొదలుపెట్టింది. ఎప్పుడూ లేనిది ఆ రోజు ఒక్కచోట కూడా దారి తప్పలేదు. మామూలుగా అయితే "ఎడమకి తిప్పమ్మా, నాకు తెలుసు ఈ దారి" అని ఈయన అనడం, ఎడమకి తిప్పాక ఎవరి పశువుల దొడ్డిలోకో పోవడం రివాజు. ఆ రోజు చెప్పిన వేళకన్నా ముందే ఇల్లు చేరారు. కోడలి చెయ్యి ఒక్కసారీ తడబడలేదు, బండి ఒక్కసారీ కుదపలేదు. అంటే ఏమిటన్నమాట? తను నోరు మూస్తే బండి బ్రహ్మాండంగా నడుస్తుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల చెవిలో జోరీగలా తయారై, ఒక్క పాట చివరికంటా విననివ్వకుండా, ఉన్న ఒక్క సరదాని కాస్తా తినేశాడు. పాపం, పెద్దవాడు కదా అని ఆ పిల్ల పల్లెత్తు మాట అనలేదు.

ఈ ఆలోచన వచ్చాక ఆయనకి ముద్ద దిగలేదు. ఆ వెనక సీటంటే ఆయనకి ప్రాణం. అది పోతే మిగిలేది టీవీ ముందు కుర్చీ. ఆ కుర్చీలో ఏడాది కూర్చుని చూశాడు, అదెలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు.

"మామయ్యా, రేపు పొద్దున కొత్త సెట్టు చూడ్డానికెళ్దాం. మీరూ రావాలి" అంది కోడలు.

"నేనెందుకమ్మా? నాకేం తెలుసు వాటి సంగతి?"

"బండి మీద సగం మీది. సగం మనిషి లేకుండా ఎలా కొంటాను?"

కొడుకు వంటింట్లోంచి తల బయటపెట్టి, "వెళ్ళు నాన్నా. నువ్వు పక్కన లేకపోతే కొట్టువాడు దాన్ని మాటల్లో పెట్టి ముంచేస్తాడు. నువ్వుంటే వాణ్ణి నువ్వే మాటల్లో పెడతావు" అన్నాడు.

ఆ మాట సరదాకన్నదే. రోజూ అనేదే. ఆ రోజు మాత్రం చురుక్కుమంది.

కొట్టు పెద్దదే. గోడల నిండా హెల్మెట్లు, అద్దాలు, దీపాలు. లోపల ఒక బల్ల మీద సెట్లన్నీ వరసగా బిగించి, తీగలు కలిపి, ఏది కావాలంటే అది మోగేట్టు పెట్టారు. కొట్టాయన బొద్దుగా, నవ్వు మొహంతో ఉన్నాడు. చేతిలో పసుపు గుడ్డ, దాంతో కనపడిన ప్రతి అద్దమూ తుడుస్తూ మాట్లాడతాడు. మాటకొక తుడుపు.

"రండి మేడమ్, రండి సార్. పాతది ఏ సైజు? కన్నం కొలత తెచ్చారా?"

కోడలు పాత సెట్టునే సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. కొట్టాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, పాత చుట్టాన్ని చూసినట్టు చూశాడు. "అబ్బో, ఇదా! ఇలాంటివి ఇప్పుడెవరూ చెయ్యట్లేదండీ. పర్లేదు, ఇదే కన్నంలో దిగే మంచి మంచివి ఉన్నాయి" అని మొదటిది చూపించాడు.

అరచేతికన్నా పెద్ద తెర. ఎండలో కూడా కనపడుతుందట. చేతికి తొడుగులున్నా వేలు ఆనిస్తే పలుకుతుందట. ఫోన్లో ఉన్న దారి పటం తెర మీదికి వస్తుందట. వేగం పెరిగితే దానంతటదే శబ్దం పెంచుకుంటుందట, తగ్గితే తగ్గించుకుంటుందట. వానలో ముంచినా ఏమీ కాదట. కొట్టాయన అన్నీ చెప్పి, తుడిచి, పక్కకి జరిగాడు.

కోడలు తెర వైపు సరిగ్గా చూడనైనా లేదు. "వెనక కూర్చున్నవాళ్ళు మాట్లాడితే పాట ఏమవుతుంది?" అని అడిగింది.

"ఏమీ కాదు మేడమ్! దీని గొప్పే అది. వెనక నుంచి ఎవరెంత మాట్లాడినా పాట పాటే. ఒక్క క్షణం ఆగదు."

మామగారికి పిల్ల మనసులో ఏముందో తెలిసిపోయింది. గోడ మీది దీపాలు చూస్తున్నట్టు నటిస్తూ చెవులు మాత్రం ఇటే వేశాడు.

"ఊఁ. ఇంకోటి చూపించండి" అంది కోడలు.

రెండోది తీశాడు. అది ఇంకా పొడుగు, ఇంకా ఖరీదు. "ఇందులో?" అంది. "ఇందులోనూ ఆగదు మేడమ్, గ్యారంటీ" అన్నాడు. కోడలు పెదవి విరిచింది. మూడోది, నాలుగోది. ప్రతిదానికీ అదే ప్రశ్న, ప్రతిదానికీ అదే జవాబు, ప్రతిసారీ పెదవి విరుపే. కొట్టాయన గుడ్డ ఆడించడం మానేసి ఆమె మొహంలోకి చూడటం మొదలుపెట్టాడు.

మామగారికి మాత్రం అంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అర్థమైపోయింది. కావలసింది మొదటి సెట్టే. పాట ఆగని సెట్టు. పక్కన తను నిలబడి ఉన్నాడు కాబట్టి, ముసలాయన నొచ్చుకుంటాడేమోనని, నచ్చినదాన్ని నచ్చిందని చెప్పలేక సతమతమవుతోంది బంగారుతల్లి. ఎంత మర్యాద, ఎంత ఓర్పు! ఆ ఓర్పు చూసేసరికి ఆయనకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంక తనే తేల్చెయ్యాలి. కండక్టరన్నవాడికి ఎక్కడ దిగాలో ఇంకొకరు చెప్పాలా?

గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ఆ మొదటిది తీసేసుకో."

"అదెందుకు?"

"బాగుందమ్మా. పెద్ద తెర, పాట ఆగదు. హాయిగా వింటూ వెళ్తావు. నేనింక రాను. నడుం కూడా ఈ మధ్య పట్టేస్తోంది. ఇంట్లో వాడితో కూర్చుంటాను."

"ఆయనతో కూర్చుని ఏం చేస్తారు?"

"ఏముంది, టీవీ చూస్తాను."

కోడలికి కోపమొస్తే గొంతు లేవదు, మరీ కిందికి దిగిపోతుంది. లిఫ్టుల పని కదా, కోపం కూడా కింది అంతస్తుకే పోతుందని మొగుడు అంటాడు. ఇప్పుడు ఆ గొంతు పాతాళంలో ఉంది.

"నాకు పాటలు కావాలని మీతో ఎవరన్నారు మామయ్యా?"

"ఒకరనాలా తల్లీ? ఇన్నేళ్ళలో ఒక్క పాటైనా చివరిదాకా విన్నావా? పల్లవి అయిందో లేదో నేను తగులుకుంటానాయె. మొన్న నా నోరు మూతపడిందో లేదో బండి రయ్యిమని వచ్చింది. దారి తప్పామా? తప్పలేదు. అది చాలదూ నా వల్ల నీకెంత ఇబ్బందో తెలియడానికి?"

"ఆ పాటలు నాకూ నచ్చవు."

"ఆఁ?"

"నాకసలు నచ్చవు. ఒక్కటి కూడా. వింటుంటే పళ్ళు జివ్వుమంటాయి. మీరు తిడతారని పెడతాను."

కొట్టాయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"మీకు నచ్చిన పాట పెడితే మీరు వింటారు. విని ఊరుకుంటారు. వెనక నుంచి ఒక్క మాట రాదు. పెట్టి చూశాను. అందుకని చెత్త పాటలు ఎక్కడున్నా వెతికి వెతికి తెచ్చుకున్నాను. క్యాసెట్లమ్మేవాడు నన్ను చూసి జాలిపడేవాడు, చదువుకున్న పిల్లకి ఇదేం రోగమని. నేనా మొదటి ప్రయాణంలో టైరు చూడ్డానికి దిగలేదు మామయ్యా. టైరుకేం, గుండ్రాయిలా ఉంది. ఏడుపు ఆగక దిగాను. ఏడాదిపాటు మీ నోట ఊఁ అన్న ముక్క తప్ప వినలేదు మేం. మీ అబ్బాయి వంటింట్లో ఉల్లిపాయల వంకన ఏడ్చేవాడు. అమ్మ పోయిందంటే సరే, ఈయనెక్కడికి పోయాడే అనేవాడు. అలాంటిది మీరు ఆ పాటని అంత బాగా తిట్టారు చూడండి, నాకు కడుపు నిండిపోయింది."

మామగారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"మొన్న దారి తప్పలేదంటున్నారు. నిజమే, తప్పలేదు. వెనక మీరు మెలకువగా ఉన్నారో, కునికిపాట్లు పడి జారిపోతున్నారో తెలియలేదు నాకు. అద్దంలో మీ హెల్మెట్ తప్ప ఇంకేమీ కనపడదు. చేతులు బిగుసుకుపోయేలా పట్టుకుని నడిపాను. భయంతో నడిపేవాళ్ళు దారి తప్పరు మామయ్యా. అంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ నడపదలుచుకోలేదు."

అని పక్కనున్న ఎత్తుపీట మీద చతికిలబడి మొహం తిప్పుకుంది. మామగారు రెండడుగులు ముందుకేసి, ఒక అడుగు వెనక్కేసి, చివరికి ఆమె తల మీద చెయ్యి వేశాడు. పక్కనే బల్ల మీద ఏదో సెట్టు తన పాట తను పాడుకుంటూనే ఉంది. అది ఆగే రకం కాదు కదా.

ముందుగా తేరుకున్నది కొట్టాయన. గుడ్డతో బల్ల తుడవబోయి తన మొహమే తుడుచుకున్నాడు. "అంటే మీకు పాట ఆపే సెట్టు కావాలా మేడమ్? ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా! నేను పొద్దుట్నుంచి ఆగదు ఆగదు అని తెగ మురిసిపోతున్నాను" అని లోపలి గదిలోకి పోయాడు. అట్టపెట్టెలు జరుగుతున్న చప్పుడు, ఏదో కింద పడ్డ చప్పుడు, ఎవరినో తిట్టుకుంటున్న చప్పుడు. దుమ్ము కొట్టుకున్న తలతో తిరిగొచ్చి ఒక సెట్టు బల్ల మీద పెట్టాడు.

అది చూడ్డానికి ఏం బాగాలేదు. తెర లేదు. క్యాసెట్టు దూర్చే నోరు, నాలుగు లావుపాటి మీటలు, నారింజ రంగు దీపం, పక్కన మైకు గుచ్చే కన్నం.

"ఇది మోటారుసైకిలుకి పెట్టేది కాదండీ. యాత్రల బస్సుల్లో పెడతారు. గైడు మైకందుకుంటే పాట ఆగుతుంది, గైడు ఊరుకుంటే మళ్ళీ వస్తుంది. ఇప్పుడెవరూ అడగట్లేదు. మీ కన్నంలో దిగుతుంది. కాకపోతే వానకి తట్టుకోదు, ఫోను కలవదు, దారి చూపించదు. నేనైతే వద్దనే చెప్తాను."

"దారి చూపించడానికి మా మామయ్యున్నారు. తప్పుదారే అనుకోండి" అంది కోడలు. ఆమె గొంతు రెండు అంతస్తులు పైకొచ్చింది. "వాన సంగతి నాకొదిలెయ్యండి. లిఫ్టు మీటల పెట్టెకి రబ్బరు అంచు కడతాం, నీటి చుక్క దూరదు. దీనికీ అదే కడతాను."

మామగారు ఆ సెట్టు మీటల్ని ఒక్కొక్కటే వేలితో నొక్కి చూశాడు. లావుపాటి మీటలు, లావుపాటి వేళ్ళు, కుదిరింది. "బస్సు సెట్టా ఇది?" అని అడిగాడు. కొట్టాయన అవునన్నాడు. "బస్సుదే?" అని మళ్ళీ అడిగాడు. ఏమీ పట్టనట్టు మొహం పెడదామనుకున్నాడు గానీ మొహం మాట వినలేదు.

రెండు సాయంత్రాలు కోడలు వాకిట్లో బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఇద్దరి మైకుల తీగలూ ఆ ఒక్క కన్నానికే కలిపింది. కొడుకు టార్చి పట్టుకున్నాడు. కదలని బండి పక్కన నిలబడ్డా కాస్త తిప్పుతోందని గోడకి ఆనుకున్నాడు. రబ్బరు అంచు కట్టి, పైన బకెట్టుడు నీళ్ళు కుమ్మరించి, తడి దిగలేదని చూసుకుని అప్పుడు లేచింది. సెలవు రోజు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు.

ఇక్కడొక చిక్కొచ్చి పడింది. కండక్టరుగారికి సిగ్గేసింది.

నిజం. మాట కోసం ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిస్తే మాట రావడం ఎంత కష్టమో ఆయనకి ఆ పొద్దునే తెలిసింది. ఊరు దాటారు. కోడలు ఒక పాట పెట్టింది. దిక్కుమాలిన పాట. తిడదామని నోరు విప్పబోయి, ఇది నన్ను తిట్టించడానికే కదా అని గుర్తొచ్చి మూసేశాడు. ఆమె ఇంకోటి పెట్టింది, దానికి తాత లాంటిది. ఆయన పళ్ళు బిగబట్టాడు. మూడోది మొదలైంది. అందులో ఎవడో మధ్యమధ్యలో ఈల వేస్తున్నాడు. అది విని ఊరుకోవడం మహా పాపం. అయినా ఊరుకున్నాడు.

కోడలు అద్దంలోకి చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. ఆమె భుజాలు బిగుసుకున్నాయి. మోచేతులు పక్కలకి దగ్గరగా ముడుచుకున్నాయి. బండి మాత్రం గీత గీసినట్టు, అణువంత కుదుపు లేకుండా పోతోంది. వెనక నుంచి అది చూసేసరికి ఆయన సిగ్గు ఎగిరిపోయింది.

"అమ్మాయ్" అన్నాడు. పాట టక్కున ఆగింది.

"ఆఁ మామయ్యా."

"నేను పుట్టు వాగుడుకాయననుకుంటున్నారా మీరంతా? కాదు. పెళ్ళినాటికి నేను మూగమొద్దుని. నలుగురిలోకి వెళ్ళాలంటే భయం. మీ అత్తయ్య..."

ఆ మాట ఆయన నోట విని ఎన్నేళ్ళయిందో. కోడలు వేగం తగ్గించింది.

"మీ అత్తయ్య నేను డ్యూటీ దిగి ఇంటికి రావడమే ఆలస్యం, గుమ్మంలో నిలబెట్టి అడిగేది. ఇవాళ బస్సులో ఎవరెక్కారని. నేనేమో, ఎవరో ఎక్కారులే అనేవాణ్ణి. అలా కాదు, ఎవరెక్కారు, ఏ రంగు చీర కట్టుకుంది, ఎందుకు పోట్లాడుకున్నారు, చివరికి ఎవరు నెగ్గారు, అన్నీ చెప్పాలి. చెబితే గానీ కంచం పెట్టేది కాదు. ఇంటికెళ్ళి చెప్పాలి కదా అని బస్సులో అందర్నీ చూడ్డం నేర్చుకున్నాను. చూసినదాన్ని చెప్పడం నేర్చుకున్నాను. ఉద్యోగం అయిపోయాక ఇంక ఎవరెక్కుతారు? అయినా మానలేదు. కూరలకెళ్ళొస్తే ఎవరు కనపడ్డారనేది. ఆవిడ పోయాక..."

ఆయన ఆగాడు. సెట్టు ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు మర్యాదగా చూసింది. దానికేం తెలుసు? ఈలలవాడు డప్పులతో సహా ఇద్దరి చెవుల్లోనూ విరుచుకుపడ్డాడు.

మామగారు అదిరిపడ్డాడు. కోడలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. ఆమె మాట వినగానే పాట మళ్ళీ ఆగింది.

"ఆవిడ పోయాక ఏమైంది మామయ్యా?"

"ఏమవుతుంది? అడిగేవాళ్ళు లేరు. నాలుగు వీధులు తిరిగొచ్చినా గుమ్మంలో ఎవరూ నిలబెట్టి అడగరు. అడగనప్పుడు ఏం చెప్పను? చూడ్డం కూడా మానేశానమ్మా. మొహాలే కనపడేవి కాదు నాకు."

అని మళ్ళీ ఆగాడు. కళ్ళజోడు తడిసి రోడ్డు మసకబారింది. హెల్మెట్లోకి చెయ్యి పోదు, తుడుచుకునే దారి లేదు. చెప్పాల్సింది కొండంత ఉంది, ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. ముందు సీటు నుంచి గొంతు వినిపించింది, తడిగా, తొందరగా.

"ఆగకండి మామయ్యా, చెప్పండి. పాట వచ్చేస్తుంది."